బరాత్ దరువులో హబ్షీల చరిత్ర

ధర్మసాగర్‌లో ముస్లింల ఇంట పెళ్లి జరుగుతోందంటే ఆ సంగతి చెరువు కట్ట మీద నడిచేవారికి కూడా తెలిసిపోతుంది. హైదరాబాద్ నుంచి మగపెళ్లివారు వచ్చే పెళ్లయితే ఇక చెప్పనక్కరలేదు. పెళ్లివారి బస్సు వెనకే ఒక డీసీఎం వ్యాను వచ్చి ఆగుతుంది. అందులోంచి దఫ్‌లు, డోళ్లు, ఒకటి రెండు స్టీలు బిందెలు, చేతికర్రలు దిగుతాయి. మర్ఫా వచ్చిందన్న మాట వాడకట్టంతా పాకుతుంది.

మొదట దఫ్ మెల్లగా మోగుతుంది. దాని మీద డోలు కలుస్తుంది. ఆ తర్వాత బిందె మీద కర్ర పడుతుంది చూడండి, అప్పటిదాకా గోడ వారగా నిలబడి చూస్తున్నవాళ్లు కూడా ఉన్నచోటే భుజాలు కదిలించడం మొదలుపెడతారు. దోస్తులు ఇద్దరిద్దరుగా ఎదురెదురు నిలిచి, చేతిలో కర్ర ఉంటే కర్ర, లేకుంటే దస్తీ తిప్పుతూ అడుగులేస్తారు. ఆడేవాళ్లలో ముస్లిం పిల్లలే కాదు, ఊళ్లోని అన్ని కులాల పిల్లలూ ఉంటారు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు తీన్మార్.

ఆ గుంపులో మేమూ ఆడినవాళ్లమే. మర్ఫా అంటే హైదరాబాదీ పెళ్లి హంగామా అనే చాలాకాలం అనుకున్నాం. అది ఎవరి దరువో, ఏ సముద్రం దాటి వచ్చిందో అడగాలన్న ఆలోచన కూడా రాలేదు. తెలిసిన తర్వాత ఆ బిందె చప్పుడు మాకు ఇదివరకటిలా వినిపించడం లేదు.

ఏసీ గార్డ్స్ అంటే...

హైదరాబాద్‌లో మాసబ్ ట్యాంక్ దగ్గర ఏసీ గార్డ్స్ అని ఒక బస్తీ ఉంది. ఏసీ అంటే చల్లటి గాలి యంత్రమని నవ్వులాటకు అనేవారున్నారు. అసలు పేరు ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, అంటే ఆఫ్రికా అశ్వికదళం. నిజాం నవాబుల కొలువులో గుర్రాల మీద కాపలా కాసిన నల్లజాతి సైనికులు కాపురమున్న చోటు అది. వాళ్లనే సిద్దీలని, హబ్షీలని అంటారు. అరబ్బులు ఇథియోపియాను హబష్ అంటారు కనుక అక్కడివాడు హబ్షీ.

ఈ దళం పుట్టుకలో మన తెలుగు సంస్థానం ఒకటి ఉన్న సంగతి చాలామందికి తెలియదు. వనపర్తి సంస్థానాధీశుడు రాజా రామేశ్వరరావు పందొమ్మిదో శతాబ్దంలో ఆఫ్రికన్లతో ఒక అంగరక్షక దళాన్ని పోషించారు. ఆ దళమే తర్వాత నిజాం కొలువుకు చేరి ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అయింది. పాలమూరు గడ్డ మీద తెలుగు రాజు దగ్గర ఆఫ్రికా సైనికులు, వారి భాషల పక్కన తెలుగు, ఉర్దూ! ఈ దృశ్యం మన పాఠ్యపుస్తకాల్లో ఎక్కడైనా చదివామా?

వాళ్లలో ఎక్కువమంది ఇష్టపడి ఓడ ఎక్కిన వాళ్లు కారు. తూర్పు ఆఫ్రికా తీరంలో పట్టుబడి, చేతులు మారి, అమ్ముడుపోయి వచ్చినవారు, వారి సంతతి. ఇక్కడ ఒక చేదు నిజం చెప్పుకోక తప్పదు. అమ్మినవాళ్లలోనూ కొన్నవాళ్లలోనూ ముస్లింలు ఉన్నారు. బానిసను విడిపించడాన్ని గొప్ప పుణ్యకార్యంగా చెప్పిన ధర్మాన్ని అనుసరిస్తున్నామంటూనే శతాబ్దాల పాటు ఆ బేరం సాగించారు. ఇది దాచిపెట్టి హజ్రత్ బిలాల్ (రజి) గొప్పతనం గురించి మాత్రమే మాట్లాడుకోవడం న్యాయం కాదని మా అభిప్రాయం.

అయితే దక్కన్‌లో బానిసగా అడుగుపెట్టినవాడు బానిసగానే పోవాలన్న నియమం లేదు. మాలిక్ అంబర్ సంగతి చూడండి. 1548 ప్రాంతంలో ఇథియోపియాలో పుట్టిన ఆ పిల్లవాడి పేరు చాపు. పలుమార్లు అమ్ముడుపోయి అహ్మద్‌నగర్ చేరాడు. చివరికి ఆ రాజ్యానికే పేష్వా అయ్యాడు. 1626లో కన్నుమూసే దాకా మొగలులకు దక్కన్‌లో నిద్ర లేకుండా చేశాడు. 1610లో ఆయన కట్టించిన ఖడ్కీ పట్టణమే తర్వాత ఔరంగాబాద్. అది 1956 దాకా మన హైదరాబాద్ రాష్ట్రంలోనిదే. ఆయన తవ్వించిన నీటి కాలువలను అక్కడివారు నహర్ అంటారు.

హైదరాబాద్‌లోనూ గుర్తులున్నాయి. వరంగల్ నుంచి బస్సులో వెళ్లేవాళ్లు ఉప్పల్ దాటగానే హబ్సిగూడ వస్తుంది. హబ్షీల పేరు మీద వచ్చిన ఊరు. పాత నగరం వైపు వెళితే సిద్ది అంబర్ బజార్. రోజూ కండక్టర్ నోట వింటున్న పేర్లే. వాటి వెనక ఉన్న మనుషులే మనకు కనిపించలేదు.

గుర్రాలు పోయాక దఫ్ మిగిలింది

మర్ఫా మొత్తం ఆఫ్రికాదే అనడం కూడా సరికాదు. అందులో అరబ్బుల వాటా ఉంది. నిజాం సైన్యంలో యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులు వేలాదిగా ఉండేవారు. వాళ్లను ఇక్కడ చావూష్‌లంటాం. వాళ్లున్న బ్యారక్సే నోళ్లలో నలిగి బార్కస్ అయింది. ఈ హద్రమీల్లో ఒకరు, నిజాం సైన్యంలో జమేదారు చేసిన ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ, ఇక్కడ సంపాదించిన ధనంతో అక్కడ రాజ్యం స్థాపించారు. ఆ వంశం 1967 దాకా ఏలింది. అలా హైదరాబాద్‌కూ హద్రమౌత్‌కూ రాకపోకలు ఉండేవి. అరబ్బులతో పాటు ఆఫ్రికన్లూ వచ్చారు. జంబియా అనే వంకర బాకు చేతబట్టి ఆడే అరబ్బుల ఆట, ఆఫ్రికన్ల డోలు వరుసలు ఒకే వీధిలో కలిసి మర్ఫా అయ్యాయి.

ఆ దరువుకు మన తెలంగాణలో చుట్టాలు ముందే ఉన్నారు. డప్పు ఇక్కడిది. దాని వయసు ముందు మర్ఫా నిన్న మొన్నటిది. తీన్మార్‌ను మర్ఫా వాళ్లదనేవారూ ఉన్నారు, డప్పుదనేవారూ ఉన్నారు. ఆ తగువు మేము తీర్చబోవడం లేదు. పీర్ల పండుగనాడు అలావ చుట్టూ అసోయ్ దూలా ఆడే మన పల్లెల్లో కొత్త దరువు పరాయిదిగా నిలబడదు. తోలు దఫ్‌ను మంట దగ్గర కాచి బిగిస్తారు, మన డప్పు కళాకారులు చితుకుల మంట మీద డప్పు కాచినట్టే. మంట దగ్గర కూర్చున్న రెండు జట్ల వాళ్లను చూసిన వారికి ఇంతకు మించి చెప్పాల్సింది లేదు.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. నిజాం పాలన ముగిసింది, దళాలు రద్దయ్యాయి. ఆఫ్రికన్ గార్డులకు గుర్రాలు పోయాయి, జీతాలు పోయాయి, మిగిలింది లైన్లలోని ఇళ్లు. స్వారీ తప్ప మరో విద్య నేర్వని కుటుంబాలు దొరికిన చిన్నాచితకా పనులతో బతికాయి. ఆ రోజుల్లో పనికొచ్చిన ఆస్తుల్లో ఒకటి మర్ఫా. దర్జా కోసం, పండుగ కోసం వాయించుకున్నది కూలి కోసం వాయించడమైంది. నిజాం ఊరేగింపులు లేకపోతేనేం, పెళ్లి ఊరేగింపులు ఉన్నాయి కదా.

భాష పోయింది. స్వాహిలీ గానీ, ఇథియోపియా భాషలు గానీ నేటి పిల్లలకు రావు. ఉర్దూ, తెలుగే వారి భాషలు. పూర్వీకుల ఊరి పేరు తెలిసిన ఇల్లు అరుదు. బానిసగా అమ్ముడైనవాడికి వంశవృక్షం ఎవరు రాసిపెడతారు? ఇథియోపియా నుంచి అబాబు మిండా యిమెనె అనే పరిశోధకుడు వచ్చి హైదరాబాద్ సిద్దీల మీద అధ్యయనం చేసి 2004లో పుస్తకం వెలువరించారు. పొరుగు వీధిలో ఉన్న మనకంటే ముందు, సముద్రానికి ఆవలి మనిషికి ఆ అవసరం కనిపించింది. కాగితం మీద లేని చరిత్రకు అడుగులు, చేతులు, భుజాలే పుస్తకం. తండ్రి వాయించిన వరుస కొడుకు వాయిస్తాడు, అంతే.

గుజరాత్ సిద్దీల దగ్గర ఈ సంగతి ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. భరూచ్ జిల్లా రతన్‌పూర్‌లో బావా గోర్ దర్గా ఉంది. ఆఫ్రికా నుంచి అకీకు రాళ్ల వ్యాపారానికి వచ్చిన వలీ అని ఆయనను తలచుకుంటారు. అక్కడ సిద్దీలు చేసే నృత్యాన్ని గోమా అంటారు. స్వాహిలీలో న్గోమా అంటే డోలు, ఆటకు కూడా అదే మాట. ముగర్మాన్ అనే పొడవాటి డోలు, సొరకాయ బుర్ర కట్టిన మలుంగా అనే ఒంటితీగ విల్లు వాయిస్తూ, కొబ్బరికాయను గాల్లోకి ఎగరేసి తలతో పగలగొడతారు. వారు పాడే జిక్రుల్లో పాడేవారికే అర్థం తెలియని ఆఫ్రికా మాటలు దొర్లుతుంటాయి. సంగీత పరిశోధకులు నజీర్ అలీ జైరాజ్‌భాయ్, ఎమీ కాట్లిన్ దంపతులు వాటిని ఓపికగా చిత్రీకరించి భద్రపరిచారు. అర్థం పోయాక కూడా మాట బతికి ఉందంటే దాన్ని మోసింది ఆటే. కర్ణాటకలో ఉత్తర కన్నడ అడవుల సిద్దీలు డమామ్ డోలుతో ఆడతారు. వాళ్లలో హిందువులు, క్రైస్తవులు, ముస్లింలు మూడు రకాలూ ఉన్నారు. డోలు మాత్రం ఒక్కటే.

అమెరికాకు బానిసలుగా వెళ్లిన ఆఫ్రికన్లలో ముస్లింలు తక్కువేం కాదు. జార్జియా, సౌత్ కరోలినా తీర ప్రాంతాల్లో వారి సంతతి గుండ్రంగా తిరుగుతూ చేసే ఆరాధనా నృత్యాన్ని రింగ్ షౌట్ అంటారు. అక్కడి భాషను దశాబ్దాలు పరిశోధించిన లొరెంజో టర్నర్ అనే నల్లజాతి పండితుడు, ఆ షౌట్ అన్న మాటకు మూలం అరబ్బీలోని షౌత్ కావచ్చన్నారు. కాబా చుట్టూ ఒక ప్రదక్షిణను షౌత్ అంటారని హజ్ చేసినవారికి తెలుసు. దీన్ని అందరు పండితులూ ఒప్పుకోరు. కానీ ఖురాన్ లేకుండా, మసీదు లేకుండా, పేరు కూడా మార్చేసిన చోట ఒక అడుగు మిగిలి ఉండవచ్చునన్న ఊహే మమ్మల్ని చాలాసేపు ఆలోచింపజేసింది. కేథరిన్ డన్హమ్ అనే నల్లజాతి నర్తకి 1930లలో హైతీ వెళ్లి అక్కడి ఆటలు నేర్చి, మానవశాస్త్ర పాఠంగా వేదిక మీదికి తెచ్చారు. మన దగ్గర ఆ పని చేసిన సంస్థ గానీ, బడి గానీ మాకు కనపడలేదు. ఇక్కడి బడి పెళ్లి వీధే.

మస్జిదె నబవీలో హబ్షీలు

ఈ పేజీలో ఆటపాటల గురించి రాయడమేమిటని కొందరు పెద్దలకు కోపం రావచ్చు. వారి ఆవేదన మాకు తెలుసు. బ్యాండు, డీజే ఉంటే నికాహ్ చదివించబోమని ఖాజీలు తీర్మానించిన ఊళ్లున్నాయి. అజాన్ వేళ రోడ్డు మూసేసి చెవులు పగిలేలా మోగించడాన్ని, తాగి చిందులేయడాన్ని ఎవరు సమర్థిస్తారు? వాద్యాల విషయంలో ఉలమాల మధ్య భేదాభిప్రాయాలు నేటివి కావు. మేము ఫత్వా ఇచ్చేవాళ్లం కాము.

కానీ సహీ బుఖారీ, సహీ ముస్లింలలో ఉన్న ఒక సంఘటనను మాత్రం గుర్తు చేయాలి. పండుగ రోజున మదీనాలోని మస్జిదె నబవీలో హబ్షీలు బల్లేలతో ఆడారు. దైవప్రవక్త (సఅసం) ఉమ్ముల్ మోమినీన్ హజ్రత్ ఆయిషా (రజి)ను తమ వెనక నిలబెట్టుకుని, ఆమె తనివితీరేదాకా చూడనిచ్చారు. హజ్రత్ ఉమర్ (రజి) ఆట ఆపించబోయి గులకరాళ్లు అందుకుంటే ప్రవక్త (సఅసం) వారించారు. అది ఆయుధ విన్యాసమే గాని నృత్యం కాదని కొందరు ఉలమా వివరిస్తారు. ఇమాం గజాలీ తమ ఇహ్యా గ్రంథంలో సమా గురించి చర్చిస్తూ ఈ సంఘటనను ప్రస్తావించారు. ఏదైనా కానివ్వండి, ఆ ఆట హబ్షీలది, వారి పద్ధతిలో ఆడినది. మదీనా మసీదులో దానికి చోటు దొరికింది.

హబ్షీలతో మన బంధం అంతకంటే పాతది. మక్కాలో తల దాచుకునే చోటు లేనప్పుడు తొలి ముస్లింలకు ఆశ్రయమిచ్చింది హబష్ రాజు నజాషీ. క్రీస్తుశకం 615లో జరిగిన ఆ మొదటి హిజ్రత్ ఆఫ్రికాకే. తొలి ముఅజ్జిన్ హబ్షీ అయిన హజ్రత్ బిలాల్ (రజి). కోపంలో ఒకరిని తల్లి పేరెత్తి దూషించిన హజ్రత్ అబూజర్ (రజి)ను ప్రవక్త (సఅసం) ఎంత కఠినంగా మందలించారో బుఖారీలో ఉంది. ఆ దూషణ పడ్డది బిలాలేనని, అన్నది ఆయన తల్లి నలుపు గురించేనని వ్యాఖ్యాతలు చెబుతారు. రంగుల్లోని తేడాలు అల్లాహ్ సూచనల్లో ఒకటని సూరె రూమ్ ఇరవై రెండో ఆయత్ బోధిస్తుంది.

ఇవన్నీ జుమా ఖుత్బాల్లో వింటున్నవే. మసీదు మెట్లు దిగాక ఏమవుతోంది? పిల్లను చూడటానికి వెళ్లినప్పుడు మొదటి ప్రశ్న రంగు గురించే. చదువు, నమాజు, నడవడిక తర్వాత. రంగు తక్కువని జోడా డబ్బు ఎక్కువ అడిగిన ఇళ్లున్నాయి. బరాత్‌కు మాత్రం ఏసీ గార్డ్స్ మర్ఫాయే కావాలి. దరువు హబ్షీలది కావాలి, కోడలు తెల్లగా ఉండాలి! హబ్షీ అన్న మాటే మన ఇళ్లలో తిట్టు. నల్లగా పుట్టిన బిడ్డను ముద్దుగా అన్నట్టు అనే ఆ మాట, బడికి వెళ్లే సిద్దీ పిల్లవాడి చెవిన ఎలా పడుతుందో ఒక్కసారి ఊహించండి.

ప్రభుత్వ కాగితాల్లో వాళ్లకు చోటు లేకపోలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో తెచ్చిన బీసీ-ఇ చట్టం జాబితాలో సిద్దీ, యాబా, హబ్షీ, జాసీ అని నాలుగు పేర్లతో ఒకే చోట రాశారు. గుజరాత్‌లోని సౌరాష్ట్ర సిద్దీలు, 2003 నుంచి కర్ణాటక సిద్దీలు షెడ్యూల్డు తెగల్లో ఉన్నారు. హైదరాబాద్‌వారు లేరు. గుజరాత్ జాంబూర్ గ్రామానికి చెందిన సిద్దీ మహిళ హీరాబాయి లోబీ 2023లో పద్మశ్రీ అందుకున్నారు. మన దగ్గర మర్ఫా వాయించి చేతులు కాయలు కాచినవారి పేర్లు పెళ్లి పత్రికల్లో కూడా ఉండవు.

ఆ దరువుకూ గడ్డు కాలమే. తోలు దఫ్ పోయి ప్లాస్టిక్ తొడుగుది వచ్చింది. దానికి మంట అక్కర్లేదు. చక్రాల బండి మీద పెట్టెలు పెట్టి, ముందే నింపిన మర్ఫా చప్పుడును మీట నొక్కి వినిపించేవాళ్లు వచ్చారు. ఎనిమిది పది మందికి ఇవ్వాల్సిన కూలి ఒక్క డీజేతో తీరిపోతుంటే ఎవరు మాత్రం పిలుస్తారు? డీజే దగ్గర ఆట ఉంటుంది గాని ఎదురు జవాబు ఉండదు. అడుగు తప్పినవాడిని చూసి నెమ్మదించే చెయ్యి, ఊపు వచ్చినవాడిని చూసి ఎక్కించే చెయ్యి పెట్టెకు ఎక్కడిది? వరుసలు మరిచిపోవడం అలాగే మొదలవుతుంది.

ధర్మసాగర్‌లో ఆ మధ్య జరిగిన ఒక వలీమా దగ్గర మర్ఫా జట్టుకు అందరి తర్వాత దస్తర్‌ఖాన్ పరిచారు. బిర్యానీ అడుగుకు వచ్చింది. మేము వాళ్ల సరసన కూర్చున్నాం. ఎన్ని రకాల వరుసలు వాయిస్తారని జట్టులోని పెద్దాయనను అడిగాం. ఆయన మాటలతో చెప్పలేదు. ఎడమ చేత్తో ఖాళీ ప్లేటు బోర్లించి, వేళ్లతో అంచు మీద ఒకటి వాయించారు. అది బరాత్ బయలుదేరేటప్పటిది. ఇంకొకటి వాయించారు, దుల్హా గుర్రం దిగేటప్పటిది. మూడోది నెమ్మదిగా, మధ్యలో ఒక దెబ్బ వదిలేసినట్టుగా సాగింది. దీనికి పేరేమిటంటే ఆయనకూ తెలియదు. తండ్రి వాయించేవాడట. పెళ్లిళ్లలో ఎవరూ అడగరు కనుక వాయించడం లేదు. పక్కన కూర్చున్న మనవడు తినడం ఆపి, తన ప్లేటు మీద ఆ వదిలేసిన దెబ్బ ఎక్కడుందో వెతుక్కుంటున్నాడు. రెండుసార్లు తప్పాడు. తాత మళ్లీ మొదటి నుంచి వాయించారు.